మూడో రిమోట్ ఎవరి చేతికి?

పండగ సేల్స్ మొదలవగానే నా వాట్సాప్‌కి ఒకే ప్రశ్న పది రకాలుగా వస్తుంది. ‘బ్రో, టీవీకి ఏ స్టిక్ తీసుకోవాలి?’, ‘4కే తీసుకోమంటావా, మామూలుది చాలా?’, ‘ఈ బాక్స్‌లో 128 జీబీ అంట, రేటు చూస్తే సగమే, తీసేసుకోనా?’ కోడింగ్ చేసేవాడికి ప్లగ్గు నుంచి ప్రింటర్ దాకా అన్నీ తెలుసని మనవాళ్ల నమ్మకం. నేనూ కాదనను లెండి. అయితే ర్యామ్, ప్రాసెసర్ జోలికి వెళ్లేముందు నేను తిరిగి ఒకటి అడుగుతాను: ‘ఆ టీవీ ఎక్కువసేపు చూసేదెవరు?’

సాధారణంగా వచ్చే జవాబు ‘అమ్మ’. లేదంటే ‘నానమ్మ’, ‘మా పాప’. కొనేది ఒకరు, రోజూ రిమోట్ నొక్కేది ఇంకొకరు. యూట్యూబ్‌లో రివ్యూలు చేసేవాళ్లంతా మాత్రం కొనేవాళ్ల వయసువాళ్లే. వాళ్లకి గేమ్స్ స్పీడుగా నడవాలి, డాల్బీ విజన్ ఉండాలి. మా అమ్మకి కావాల్సింది రాత్రి భోజనాలయ్యాక ‘పాడుతా తీయగా’ పాత ఎపిసోడ్ ఒకటి. అదీ మధ్యలో ఎవరికీ ఫోన్ చేసి అడగాల్సిన పని లేకుండా. ఈ ఇద్దరికీ ఒకే స్టిక్ సరిపోవచ్చు, సరిపోకపోనూ వచ్చు.

టీవీ బాగానే ఉంది, యాప్‌లే పోయాయి

అసలు స్టిక్ అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. ఇప్పుడు షాపుల్లో ఉన్న టీవీలు దాదాపు అన్నీ స్మార్టే. రెండేళ్ల కిందట కొన్న టీవీ చక్కగా నడుస్తుంటే, మీకు కావాల్సిన యాప్‌లు అందులోనే వస్తుంటే, ఆ డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

తెనాలిలో మా ఇంటి టీవీ కథ వేరు. 2017లో కొన్న 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ. బొమ్మ ఇప్పటికీ బాగుంటుంది, సౌండ్‌కీ వంక పెట్టలేం. కానీ దానిలోని యాప్‌లు ఒక్కొక్కటిగా చచ్చిపోయాయి. ముందు ఒక ఓటీటీ తెరుచుకోవడం మానేసింది, తర్వాత యూట్యూబ్ నత్తలా నడవడం మొదలైంది. ఇది మా ఒక్కరి ఖర్మ కాదు. టీవీ తెర పదేళ్లు బతుకుతుంది. దాని వెనక ఉండే చిన్న కంప్యూటర్‌కి మాత్రం కంపెనీ కొన్నేళ్లే అప్‌డేట్లు ఇస్తుంది. యాప్ తయారుచేసేవాళ్లు కొత్త వెర్షన్ తెచ్చినప్పుడల్లా పాత సాఫ్ట్‌వేర్లను వదిలించుకుంటూ పోతారు. మా ఆఫీసులో మేం చేసేదీ అదే, కాబట్టి వాళ్లని తిట్టడానికి నాకు నోరు రాదు. 2019 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత శామ్‌సంగ్ టీవీల్లో, కొన్ని పాత రోకు బాక్సుల్లో పనిచేయడం ఆపేసింది. టీవీలు నిక్షేపంలా ఉన్నా యాప్ మాత్రం రాదు.

మా ఇంట్లో ఇది ఎలా బయటపడిందో చెప్తాను. ఓ ఆదివారం మామూలుగా ఫోన్ చేసి, ఈ మధ్య ఏం చూస్తున్నావమ్మా అని అడిగాను.

“టీవీ పెట్టి నాలుగు రోజులైందిరా. ఏదో అప్‌డేట్ చెయ్యమంటది, నొక్కితే మళ్లీ అక్కడికే వస్తది. నువ్వు ఆఫీసు పనిలో ఉంటావు, దీనికోసం ఫోనెందుకులే అని ఊరుకున్నా. మీ నాన్నగారు పేపర్ చదువుకుంటా కూర్చుంటున్నారు.”

ఇద్దరే ఉండే ఇల్లు. సాయంత్రం ఆరు దాటితే ఆ ఇంట్లో వినిపించేది టీవీ ఒక్కటే. అది ఆగిపోయినా నాకు చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం నా మీద జాలి. అప్పటినుంచి నా దృష్టిలో మంచి స్టిక్ అంటే, అమ్మ నాకు ఫోన్ చేసి అడగాల్సిన అవసరం రానిది.

కొత్త టీవీ అంటే పాతిక, ముప్పై వేలు. స్టిక్ అయితే అందులో ఐదో వంతు, ఆరో వంతులో అయిపోతుంది. టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు ఒకటి ఖాళీగా ఉంటే చాలు. ఆరేళ్ల తర్వాత స్టిక్ ముసలిదైతే దాన్నొక్కదాన్నే మార్చుకుంటాం. తెర అలాగే ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. స్టిక్ పెట్టాక టీవీని వైఫై నుంచి తీసేయొచ్చు. చాలా స్మార్ట్ టీవీలు తెర మీద ఏం నడుస్తోందో గమనించి కంపెనీకి చేరవేస్తుంటాయి. నెట్ లేకపోతే ఆ పని చేయలేవు.

4కే మోజు

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. 4కే బొమ్మ రావాలంటే నాలుగు కలిసి రావాలి: టీవీ, స్టిక్, నెట్, మీరు కట్టే ప్లాన్. చివరిదాన్ని అందరూ మర్చిపోతారు.

నెట్‌ఫ్లిక్స్ సంగతే చూడండి. 2021 డిసెంబర్‌లో మన దేశంలో రేట్లు తగ్గించినప్పుడు పెట్టిన లెక్క ఇదీ: నెలకి రూ.149 మొబైల్ ప్లాన్, రూ.199 బేసిక్, రూ.499 స్టాండర్డ్, రూ.649 ప్రీమియం. రూ.149 ప్లాన్ అసలు టీవీలోనే రాదు, ఫోన్‌కీ ట్యాబ్‌కీ మాత్రమే. బేసిక్‌లో వచ్చేది 720పీ, స్టాండర్డ్‌లో 1080పీ. 4కే కావాలంటే ప్రీమియమే. అంటే రూ.199 కట్టేవాళ్లు ఎంత ఖరీదైన స్టిక్ పెట్టినా 720పీనే చూస్తారు. ‘అన్నా, నా 4కే స్టిక్‌లో క్లారిటీ లేదు’ అనేవాళ్లని నేను ముందు అడిగేది ప్లాన్ గురించే.

నెట్ స్పీడ్ దగ్గర అంత భయం అక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం 720పీకి 3 ఎంబీపీఎస్, 1080పీకి 5, 4కేకి 15 ఉంటే చాలు. ఇవాళ చిన్న ఊళ్లలో ఫైబర్ కూడా అంతకంటే ఎక్కువే ఇస్తోంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లు మాత్రం డేటా చూసుకోవాలి. హెచ్‌డీలో గంటకి 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా లాగేస్తుంది. రోజుకి రెండు జీబీ ప్యాక్ మీద క్రికెట్ మ్యాచ్ చూద్దామంటే రెండో ఇన్నింగ్స్ మీ ఫోన్‌కి కనపడదు.

4కే టీవీ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. కొన్ని పాత 4కే టీవీల్లో ఉన్న మూడు హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఒకటో రెండో మాత్రమే హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ పద్ధతికి పనికొస్తాయి. తప్పు పోర్టులో పెడితే 4కే రాదు. పోర్టు పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, టార్చ్ వేసి చూడాలి.

మరి హెచ్‌డీ టీవీకి 4కే స్టిక్ దండగేనా? బొమ్మ వరకూ దండగే. అయినా నేను చాలామందికి అదే తీసుకోమంటాను. చౌక స్టిక్కుల్లో 1 జీబీ ర్యామ్ ఉంటుంది, 4కే రకాల్లో చాలావాటిలో 2 జీబీ. యాప్‌లు ఏటేటా లావెక్కుతున్నాయి. 1 జీబీ స్టిక్ మూడో ఏడాదికి ఆయాసపడుతుంది. బటన్ నొక్కితే రెండు సెకన్ల తర్వాత కదిలే టీవీ ముందు పెద్దవాళ్లు చేసేది ఒకటే, మళ్లీ నొక్కుతారు. అప్పుడు రెండూ కలిపి పనిచేసి ఎక్కడికో వెళ్లిపోతుంది. తర్వాత ఫోన్ మీకే వస్తుంది.

కేబుల్ తీసేయొచ్చా?

హైదరాబాద్‌లో కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో కేబుల్ లేదు. ముగ్గురం ఉంటాం, ఎవరికీ ఆ లోటు తెలియలేదు. అదే లెక్క తెనాలిలో వేస్తే కుదరలేదు.

తెలుగు సీరియళ్లు ఒక్కో చానల్‌వి ఒక్కో యాప్‌లో ఉన్నాయి. స్టార్ మా వాటికి జియోహాట్‌స్టార్, ఈటీవీకి ఈటీవీ విన్, జెమినికి సన్ నెక్స్ట్, జీ తెలుగుకి జీ5. పైన సినిమాల కోసం ఆహా, ప్రైమ్, నెట్‌ఫ్లిక్స్. అమ్మ చూసే నాలుగు సీరియళ్లు మూడు చానళ్లలో వస్తాయి. కేబుల్‌లో అయితే ఆ మూడూ మూడు నంబర్లు. స్టిక్‌లో అయితే మూడు యాప్‌లు, మూడు లాగిన్లు, మూడు చందాలు, మూడు రకాల మెనూలు. కేబుల్ బిల్లు మిగుల్చుకుందామని మొదలుపెట్టి, చందాలు కలిపితే దాన్ని దాటిపోయినవాళ్లు మా ఆఫీసులోనే ఇద్దరున్నారు.

నాన్నకి మాత్రం స్టిక్ బాగా కుదిరింది. తెలుగు న్యూస్ చానళ్లు చాలావరకు యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి. పాత ఎన్టీఆర్, ఏఎన్నార్ సినిమాలూ అక్కడే. ఆయన రోజు సగం దానితోనే గడిచిపోతుంది. ఇంకోటి, ఆయనకి కాస్త వినికిడి తగ్గింది. స్టిక్‌కి బ్లూటూత్ హెడ్‌ఫోన్ కలిపితే తెల్లవారుజామున భక్తి పాటలు ఆయన ఒక్కరే, కావాల్సినంత సౌండ్‌తో వినొచ్చు. అమ్మ నిద్ర చెడదు. ఈ సదుపాయం గురించి రివ్యూల్లో ఒక్క ముక్క ఉంటుంది. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది దీన్నే.

ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చే బాక్సుల సంగతి? ఏపీ ఫైబర్‌నెట్ 2017లో మొదలైనప్పుడు రూ.149కే నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే తీగ మీద ఇస్తామని వచ్చింది. ఇప్పుడు ఎయిర్‌టెల్, జియో లాంటివి కూడా ఫైబర్‌తో పాటు బాక్స్ ఇస్తున్నాయి. లైవ్ చానళ్లూ యాప్‌లూ ఒకే రిమోట్‌లో దొరకడం దీనిలో పెద్ద సుఖం. కొత్తగా ఇల్లు పెట్టేవాళ్లు ముందు దీన్నే చూడండి. చిక్కు ఎక్కడంటే, ఆ బాక్స్ ఆ కనెక్షన్‌కి కట్టేసి ఉంటుంది. కంపెనీ మారితే బాక్స్ వెనక్కి ఇవ్వాలి, అలవాటైన మెనూ పోతుంది. పాతికేళ్ల వాళ్లకి ఇది అరగంట పని. అరవై దాటినవాళ్లకి మళ్లీ ఒకటో తరగతే.

అందుకని తెనాలిలో కేబుల్ ఉంచేశాం, స్టిక్ కలిపాం. దాంతో రిమోట్లు మూడయ్యాయి: టీవీది, కేబుల్ బాక్స్‌ది, స్టిక్‌ది. ఏ ఇంట్లోనైనా సగం ఫోన్లు ఈ మూడో రిమోట్ దగ్గరే మొదలవుతాయి.

దీనికి హెచ్‌డీఎంఐ సీఈసీ అని ఒకటుంది. అదే తీగ మీద టీవీ, స్టిక్ మాట్లాడుకునే పద్ధతి. ఇది ఆన్ చేస్తే స్టిక్ రిమోట్‌లో హోమ్ నొక్కగానే టీవీ ఆన్ అవుతుంది, దానంతటదే స్టిక్ ఉన్న పోర్టుకి మారుతుంది. కంపెనీలు దీనికి తలో పేరు పెట్టుకున్నాయి. శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. చాలా టీవీల్లో ఆఫ్‌లో ఉంటుంది, సెట్టింగ్స్‌లో వెతికి ఆన్ చేయాలి. టీవీ వాల్యూమ్, పవర్ బటన్లు స్టిక్ రిమోట్‌లోనే ఉన్నాయో లేదో కూడా కొనేముందు చూడండి. కొన్ని చౌక రకాల్లో ఉండవు.

తిరిగి కేబుల్‌కి రావడమే మిగిలింది. మా కేబుల్ బాక్స్‌కి ఈ సీఈసీ భాష రాదు. టీవీ రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కాలి, ఆ బటన్ మీద గుర్తేమో ఎవరికీ అర్థం కాని బాణం. అమ్మ ఆ బటన్ మీద ఎర్ర బొట్టుబిళ్ల అంటించింది. “బొట్టు నొక్కితే కేబులు” అని నాన్నకి తనే నేర్పింది. నా ఐదేళ్ల అనుభవంలో ఇంతకంటే మంచి యూజర్ ఇంటర్‌ఫేస్ నేను డిజైన్ చేయలేదు.

ఎవరు ఏం అమ్ముతున్నారు

ఈ రకం సరుకులో ముందు వచ్చినవాటిలో రోకు ఒకటి. ఆంథొనీ వుడ్ అనే ఆయన పెట్టిన ఆరో కంపెనీ. జపాన్ భాషలో రోకు అంటే ఆరు. 2008లో నెట్‌ఫ్లిక్స్ సినిమాలు టీవీలో చూడ్డానికి వంద డాలర్లలోపు బాక్స్ తెచ్చింది వీళ్లే. డాలస్‌లో ఉన్న మా అక్కవాళ్లింట్లో ఇదే. మెనూ అంత సులువుగా ఇంకెందులోనూ ఉండదని నా అభిప్రాయం. కానీ ఇక్కడ రోకు స్టిక్కులు అధికారికంగా అమ్మరు. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో తెప్పించుకోవద్దు. వారంటీ ఉండదు, యాప్‌ల జాబితా కూడా ఆ దేశానికి తగ్గట్టు ఉంటుంది.

గూగుల్ 2013లో క్రోమ్‌కాస్ట్ తెచ్చింది, 35 డాలర్లకి. మన దగ్గరికి 2014 చివర్లో రూ.2,999కి వచ్చింది. దానికి రిమోట్ ఉండదు, ఫోనే రిమోట్. ఫోన్‌లో క్యాస్ట్ నొక్కితే ఫోన్ వీడియోని పంపించదు. ‘ఫలానా వీడియో ఆడించు’ అని చిరునామా మాత్రం ఇస్తుంది. వీడియోని స్టిక్ సొంతంగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది. అందుకే ఫోన్‌లో వేరే పని చేసుకోవచ్చు. మా వయసువాళ్లకి ఇది ప్రాణం. ఇంట్లో పెద్దవాళ్లకి మాత్రం ఫోన్‌తో టీవీ నడపడం తలకిందుల వ్యవహారం.

ఆ క్రోమ్‌కాస్ట్ పది కోట్లకు పైగా అమ్ముడయ్యాక 2024 ఆగస్టులో గూగుల్ తయారీ ఆపేసింది. బదులుగా 99.99 డాలర్ల గూగుల్ టీవీ స్ట్రీమర్ తెచ్చింది. దాన్ని విడుదల చేసిన దేశాల్లో మనం లేం. 2025 మార్చిలో ఇంకో విచిత్రం జరిగింది. 2015లో వచ్చిన రెండో తరం క్రోమ్‌కాస్టులు ప్రపంచమంతా ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. లోపల ఉన్న డిజిటల్ సర్టిఫికెట్‌కి పదేళ్ల గడువు ముగిసింది, దాన్ని మార్చాలని ఎవరికీ గుర్తులేదు. కొన్ని రోజుల్లో గూగుల్ అప్‌డేట్ పంపి బాగుచేసింది. నేను ఈ కథ అందరికీ చెప్తుంటాను. పదేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు కూర్చుని దానికి అప్‌డేట్ పంపారు కదా! ఊరూపేరూ లేని బాక్స్‌కి ఆ పని ఎవరు చేస్తారు?

క్రోమ్‌కాస్ట్ పోయినా గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ సాఫ్ట్‌వేర్ వేరే కంపెనీల వస్తువుల్లో ఉంది. షావోమీ రూ.4,999కి తెచ్చిన టీవీ స్టిక్ 4కే అలాంటిదే. యూట్యూబ్ ఎక్కువ చూసే ఇళ్లకీ, ఫోన్ నుంచి క్యాస్ట్ చేసే అలవాటున్నవాళ్లకీ ఈ దారి నయం. గూగుల్ టీవీలో ‘యాప్స్ ఓన్లీ’ మోడ్ ఉంది. అది పెడితే సిఫారసుల గోల తగ్గి, యాప్‌లు మాత్రమే కనిపిస్తాయి. పెద్దవాళ్లకి ఇచ్చేముందు ఆ పని చేసి ఇవ్వండి.

అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ మన దేశానికి 2017 ఏప్రిల్‌లో రూ.3,999కి వచ్చింది. అప్పటినుంచి రకాలు పెరిగాయి, సేల్‌లో రేట్లు కిందా మీదా అవుతుంటాయి. తెనాలికి నేను తీసుకున్నది ఇందులో 2 జీబీ ర్యామ్ ఉన్న 4కే రకం. కారణాలు రెండే. తెలుగు యాప్‌లన్నీ ఉన్నాయి. రిమోట్ పోయినా, మనవడు విరగ్గొట్టినా విడిగా దొరుకుతుంది. ఇందులో నచ్చనివీ ఉన్నాయి. హోమ్ పేజీ తెరవగానే పెద్ద బొమ్మతో ప్రకటన మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో ప్రిఫరెన్సెస్, అందులో ఫీచర్డ్ కంటెంట్‌కి వెళ్లి వీడియో, ఆడియో వాటంతటవే ఆడకుండా ఆపేయొచ్చు. అలెక్సాకి ఇక్కడ ఇంగ్లీషూ హిందీ వచ్చు, తెలుగు రాదు. పేర్లు చెప్తే మాత్రం ఒక్కోసారి పట్టుకుంటుంది. అమ్మ ‘పాడుతా తీయగా’ అని మూడోసారి అరిచాక దొరికింది. “చెవుడు దీనికీ ఉందిరా” అంది.

ఫైర్ టీవీ కొనేవాళ్లు ఇప్పుడు కొత్తగా చూడాల్సింది ఒకటి ఉంది. 2025లో వచ్చిన 4కే సెలెక్ట్ రకంతో అమెజాన్ ఆండ్రాయిడ్‌ని పక్కనపెట్టి వేగా అనే సొంత సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టింది. దానిలో బయటి నుంచి యాప్ ఎక్కించుకోవడం కుదరదు. మీ ఇంట్లో చూసే చిన్న తెలుగు యాప్ దాని స్టోర్‌లో ఉందో లేదో కొనకముందే కనుక్కోండి.

ఆపిల్ టీవీ 4కే 2022 మోడల్ మన దగ్గర రూ.14,900 నుంచి మొదలైంది. స్పీడులో, శుభ్రమైన మెనూలో దానికి సాటి లేదు. ఇంట్లో అందరి చేతిలో ఐఫోన్ ఉంటే సరే. లేకపోతే ఆ డబ్బుతో సగం టీవీ వస్తుంది.

సగం రేటుకి వచ్చే బాక్స్

ఇప్పుడు ఆ 128 జీబీ బాక్స్ సంగతి. ఏ కంపెనీయో తెలియదు. ‘అన్ని ఓటీటీలూ జీవితాంతం ఫ్రీ’ అని మాత్రం ఉంటుంది. వీటిలో చాలావాటిలో ఉండేది టీవీ కోసం చేసిన ఆండ్రాయిడ్ కాదు. ఫోన్ ఆండ్రాయిడ్‌ని టీవీ మీద సాగదీసి పెడతారు. ఓటీటీలు వైడ్‌వైన్ అనే తాళం వాడతాయి. సర్టిఫైడ్ స్టిక్కులకి ఎల్1 స్థాయి ఉంటుంది, అందుకే హెచ్‌డీ, 4కే వస్తాయి. ఈ బాక్సుల్లో సాధారణంగా ఎల్3 ఉంటుంది. దానితో నెట్‌ఫ్లిక్స్ లాంటివి 480పీ దాటనివ్వవు. డబ్బా మీద మాత్రం 8కే అని కూడా రాసి ఉండొచ్చు, అట్టపెట్టె మీద అచ్చు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదుగా.

బొమ్మ మసగ్గా రావడం చిన్న నష్టం. 2023 జనవరిలో ఒక సెక్యూరిటీ నిపుణుడు తాను కొన్న టీ95 అనే చౌక ఆండ్రాయిడ్ బాక్స్‌ని తెరిచి చూస్తే, ఫ్యాక్టరీ నుంచే దానిలో మాల్వేర్ ఉంది. తర్వాత బ్యాడ్‌బాక్స్ పేరుతో ఇంకా పెద్ద వ్యవహారం బయటపడింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఇలాంటి పరికరాల గురించి ప్రజలని హెచ్చరించింది. జూలైలో గూగుల్ కోర్టుకెళ్తూ, బ్యాడ్‌బాక్స్ 2.0 కోటికి పైగా సర్టిఫికెట్ లేని ఆండ్రాయిడ్ పరికరాల్లో ఉందని చెప్పింది.

ఇది మన ఇంట్లో ఏం చేస్తుంది? మీ కార్డు నంబర్ దొంగిలించాలనే రూలేం లేదు. మీ ఇంటి నెట్‌ని బయటివాళ్లకి అద్దెకిస్తుంది. ఎక్కడో కూర్చున్నవాడు చేసే మోసం మీ ఇంటి కనెక్షన్ మీదుగా వెళ్తుంది. వెతుక్కుంటూ వస్తే దొరికే అడ్రస్ మీదే. తెనాలిలో బ్రాడ్‌బ్యాండ్ మా నాన్న పేరు మీద ఉంది. రిటైరై పెన్షన్ మీద ఉన్న మనిషి ఎవరికో సంజాయిషీ చెప్పుకునే పరిస్థితి రెండు వేలు మిగుల్చుకోవడం కోసం నేనైతే తెచ్చుకోను.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. సెటప్‌లో ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేయమంటే వద్దు. నెట్‌ఫ్లిక్స్‌ని స్టోర్ నుంచి కాకుండా ఏదో ఫైల్ నుంచి ఎక్కించుకోమంటే వద్దు. చందా లేకుండా కొత్త సినిమాలు వస్తాయంటే అసలే వద్దు. ఇప్పటికే ఇంట్లో ఉంటే దానికి వైఫై తీసేయండి.

తగిలించే రోజు

మీ ఊరికి వెళ్లి స్టిక్ పెట్టి రావాలనుకుంటే కనీసం రెండు రోజులు ఉండేలా వెళ్లండి. మొదటి రోజు మీరు పెట్టండి, రెండో రోజు వాళ్లు వాడుతుంటే పక్కన కూర్చోండి. రిమోట్ మాత్రం ముట్టుకోకండి. మా అమ్మ ఎక్కడ ఆగిపోతుందో నాకు అప్పుడే తెలిసింది. యాప్ తెరవగానే ‘ఎవరు చూస్తున్నారు?’ అని ప్రొఫైల్ అడుగుతుంది కదా, అక్కడ. నా పేరు, అక్క పేరు, బావ పేరు ఉన్నాయి, తన పేరు లేదు. “మీవి నొక్కితే మీవి చెడిపోతాయేమోనని” అంది. అమ్మ పేరుతో ఒకటి పెట్టాను. ఆ పేజీ దగ్గర ఇప్పుడు ఆగడం లేదు.

సినిమా అద్దెకి తీసుకునే చోట పిన్ పెట్టండి. ప్రైమ్ వీడియోలో ఉచితంగా వచ్చేవీ, డబ్బు కట్టాల్సినవీ పక్కపక్కనే కనిపిస్తాయి. మీ కార్డు దానికి కలిపి ఉంటే ఒక్క ఓకే చాలు.

కరెంటు సంగతి చాలామంది పట్టించుకోరు. టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు కనిపించగానే స్టిక్ తీగ అందులో గుచ్చేస్తారు, అడాప్టర్ పెట్టెలోనే ఉండిపోతుంది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. స్టిక్‌తో వచ్చే అడాప్టర్ ఇచ్చేది దానికి కనీసం రెట్టింపు. కరెంటు చాలక సినిమా మధ్యలో స్టిక్ రీస్టార్ట్ అవుతుంది, మనం నెట్‌ని తిట్టుకుంటాం. పక్కన ప్లగ్ లేకపోతే ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చుకోండి.

వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లు కనిపిస్తే, రూటర్ అదే గదిలో ఉన్నప్పుడు 5 పెట్టండి. మధ్యలో రెండు గోడలుంటే 2.4 నయం, స్పీడు తక్కువైనా గోడ దాటుతుంది. పాత ఇళ్లలో గోడలు మందం కాబట్టి రెండూ పెట్టి పది నిమిషాలు చూసి తేల్చుకోండి. ఇక స్టిక్ పెట్టెలో జానెడు కూడా లేని చిన్న హెచ్‌డీఎంఐ తీగ ఒకటి వస్తుంది. ఇదెందుకులే అని పారేయకండి. స్టిక్‌ని నేరుగా పోర్టులో గుచ్చితే టీవీ రేకు వెనక, గోడకి ఆనుకుని ఇరుక్కుంటుంది. సిగ్నల్ సరిగా అందదు, వేడెక్కుతుంది కూడా. ఆ తీగ పెడితే కాస్త కిందికి వేలాడి గాలి తగులుతుంది. వేసవిలో తెనాలిలో ఆ తేడా చేత్తో ముట్టుకుంటేనే తెలుస్తుంది.